మంద కుక్కలకు వక్కపొడి

ఆళ్లగడ్డ, 3 జూన్ 1957

తల దొరికింది! ఇన్ని నెలలుగా కనిపించిన గొర్రెలకాపరినల్లా అడుగుతున్నాను — తిరుగుడు రోగంతో పోయిన గొర్రె తల ఒక్కటి తెచ్చివ్వండి అని. పిచ్చివాణ్ణి చూసినట్టు చూసేవాళ్లు. ఇవాళ రుద్రవరం మద్దిలేటి కంబళిలో చుట్టుకుని తెచ్చాడు. నాలుగు రోజులు ఒకే వైపు గిరగిరా తిరిగి, పొద్దున పడిపోయిందట.

"ఈ తల మేం తినంలేప్పా. తింటే మనిషి గూడా తిరుగుతాడంట."

మరి ఏం చేస్తారు?

"ఏం జేస్తాం, కుక్కలకు ఏస్తాం."

కుక్కలకు! మద్దిలేటిని కౌగలించుకోవాలనిపించింది.

మా పశువుల ఆసుపత్రిలో ఎముక కోసే రంపం లేదు. ఎదురుగా విగ్రహాలు చెక్కే ఆచారిగారిని సన్న ఉలి అడిగాను. దేవుడికి కన్ను దిద్దే ఉలి అట. ఎందుకో చెప్పలేదు. పుర్రె ఒకచోట బొటనవేలితో నొక్కితే అప్పడంలా లోపలికి పోతోంది. ఉలి పెట్టి కాస్త తట్టానో లేదో... కోడిగుడ్డంత నీటిబుడగ. లోపలి గోడకు తెల్లని నలుసులు, నువ్వులు చల్లినట్టు. ఒక్కొక్క నలుసూ కుక్క కడుపులో ఒక బద్దెపురుగు అవుతుంది. కాలేజీలో బొమ్మగా చూశాను. ఇవాళ నా అరచేతిలో ఉంది.

మద్దిలేటి తొంగి చూసి — "ఈ నీళ్ల తిత్తికా నా గొర్రె దయ్యం పట్టినట్టు తిరిగింది?"

ఉలిని మరిగే నీళ్లలో వేసి, తుడిచి ఇచ్చేశాను. దేవుడు క్షమించాలి, ఆచారిగారికి తెలియకూడదు.

4 జూన్

గొర్రె తల కుక్కకు. కుక్క కడుపులో పురుగు. పురుగు గుడ్లు గడ్డి మీదికి. ఆ గడ్డి మళ్లీ గొర్రెపిల్లకు. అంతే కథ. గొర్రె కంటే ఈ రోగమే పెద్దగా తిరుగుతోంది. ఎక్కడో ఒకచోట తెంపాలి — తలలు కాల్చెయ్యాలి, కుక్కల కడుపులు కడగాలి.

కడగడానికి మందేది? మద్రాసుకు రాస్తే ఎప్పటికి వస్తుందో! పాత పుస్తకంలో ఉంది — వక్కపొడి. పరగడుపున పెట్టాలి, గంటలో పురుగుతో సహా బయటికి. వక్కలకు కరువా మనకు!

నంద్యాల, 9 జూన్, ఆదివారం

శనివారం ఆఖరి బస్సుకు వచ్చాను. సుగుణ బడిపిల్లల లెక్కల పుస్తకాలు దిద్దుతూ కూర్చుంది. పెళ్లయి ఏడాది, ఆమె ఉద్యోగం ఇక్కడ, నాది అక్కడ. వారానికి ఒకటిన్నర రోజు కాపురం. ఉన్నంతలో హాయిగానే ఉన్నాం.

చర్చి నుంచి వచ్చాక ఇద్దరం కలిసి వక్కలు దంచాం. అత్తమ్మగారి వక్కలు. ఆమె మధ్యాహ్నం లేచి చూసుకుని — "నా వక్కలు యాడ పాయ?"

"కుక్కలకమ్మా," అంది సుగుణ, రోకలి ఆపకుండా.

అత్తమ్మ నావైపు చూసిన చూపు! ఈ అల్లుణ్ణి ఏరికోరి తెచ్చుకున్నందుకు తనను తానే తిట్టుకుని ఉంటుంది.

18 జూన్

నంద్యాలలో మా పై అధికారి, పెద్ద డాక్టరుగారికి చెప్పాను. కోస్తా మనిషి, నవ్వితే బల్ల అదురుతుంది.

"ఏవయ్యా, కుక్కలకి తాంబూలం ఇస్తావుటగా! సున్నం మర్చిపోకు."

నవ్వు అయ్యాక మాత్రం సరిగ్గా చెప్పారు. ఒక మంద కుక్కలకి పెట్టు, ఇంకో మంద కుక్కలకి పెట్టకు. రెండూ ఒకేచోట మేసేవై ఉండాలి. ఏడాది తర్వాత రెంటిలో ఎన్ని తిరిగాయో లెక్క చూపించు. అప్పుడు పైకి రాస్తాను. "నీ నమ్మకం నాకొద్దు, తేడా చూపించు."

చూపిస్తాను.

రుద్రవరం, 2 ఆగస్టు

మందలు కుదిరాయి. మద్దిలేటిది ఒకటి, వాళ్ల తమ్ముడు ఓబులేసుది ఒకటి. అన్నదమ్ములు వేరుపడ్డారు, మందలు పంచుకున్నారు. మేసేది ఒకే కొండ కింద, తాగేది ఒకే వాగు. నిరుడు ఇద్దరికీ సమానంగానే నష్టం. ఇంత చక్కని జత ఎవరికి దొరుకుతుంది! వాళ్లమ్మ తిమ్మక్కవ్వ మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. పొయ్యి ఒకటే, సంగటి ఒకటే.

చీటీ వేశాను. మందు మద్దిలేటికి వచ్చింది. ఓబులేసు నవ్వాడు గానీ...

"మా యన్న కుక్కలు ఏం పుణ్యం జేసుకున్యాయి డాక్టరప్పా?"

ఏడాది ఆగు, ఆ తర్వాత నీకూ ఇస్తానన్నాను.

11 ఆగస్టు

జన్మలో ఇంత నవ్వలేదు.

మద్దిలేటి కుక్క కరియ. నల్లగా, దూడంత ఉంటుంది. నేను వక్కపొడి బెల్లంలో కలిపి నోట్లో పెట్టాను — ఉమ్మేసింది. నెయ్యిలో కలిపాను — నెయ్యి నాకి పొడి వదిలేసింది. దవడ పట్టుకుని గొంతులోకి తోశాను — అంతా నా చొక్కా మీద. మద్దిలేటి, ఓబులేసు ఇద్దరూ కడుపు పట్టుకుని కూర్చున్నారు.

తిమ్మక్కవ్వ లేచి వచ్చింది. "నీకు మందిచ్చేది వస్తాది గానీ కూడు పెట్టేది రాదప్పా." సంగటి ముద్ద చేసి, మధ్యలో పొడి దాచి, "ఇంద, కరియా" అంది. ఒక్క గుటక.

గంట కూడా పట్టలేదు. తెల్లని బద్దె, మూరెడు. ఆ వెనక ఇంకొకటి. నేను ఎగిరి గంతేసిన మాట నిజం. సీసాలో పెట్టుకున్నాను. మద్దిలేటికి మాత్రం నవ్వు పోయింది. కరియ పక్కన కూలబడి దాని తల నిమురుతూ — "ఇది కడుపులో పెట్టుకునే నా మందకు కాపలా కాసినావా రా?"

కుక్కను తిట్టలేదు. 

పెంట కాల్చేశాం. ఇక నెలకొకసారి. కుక్కలు ఆమె చేతి ముద్ద తప్ప తినవు కాబట్టి పొట్లాలు తిమ్మక్కవ్వకే అప్పజెప్పాను. ఇది మీ పెద్దాయన మద్దిలేటి కుక్కలకు అవ్వా, చచ్చిన గొర్రె తల ఏదైనా ఉంటే కాల్చెయ్యి, అని చెప్పాను.

"సరేలేప్పా. కుక్కలకు గదా, నేను జూసుకుంటా."

6 అక్టోబరు

వాన. రుద్రవరం బస్సు లేదు. పొట్లాలు పాలవాడితో పంపాను.

24 నవంబరు

రెండు మందల్లోనూ గొర్రెలు ఈనుతున్నాయి. ఓబులేసు ఒక పిల్లను నా ఒళ్లో పడేశాడు. ఇంకా తడి ఆరలేదు. ప్యాంటు పాడైపోయింది, ఏం ఫర్వాలేదు. ఈ పిల్లలే నా లెక్క. పెద్దవై ఏవి తిరుగుతాయో, ఏవి తిరగవో — అప్పుడు తేలుతుంది.

నంద్యాల, 29 డిసెంబరు

పండగ కొత్త చొక్కాలో వక్కలు దంచుతున్నాను. అత్తమ్మ ఇప్పుడు తన వక్కలు ట్రంకులో పెట్టి తాళం వేసుకుంటోంది. బజారులో విడిగా కొనుక్కున్నాం.

16 ఫిబ్రవరి 1958

తిమ్మక్కవ్వ ఆరు నెలలుగా ఒక్క పొట్లం తప్పలేదు. ప్రభుత్వంలో ఇలాంటి మనిషి ఒక్కరున్నా చాలు.

ఆళ్లగడ్డ, 11 మే

మద్దిలేటి మంద చూసి వచ్చాను. ఒక్క పిల్ల కూడా తిరగడం లేదు. ఒక్కటీ! తలలు నొక్కి చూశాను, అన్నీ రాయిలా గట్టిగా ఉన్నాయి. వచ్చే దారంతా ఈల వేస్తూనే ఉన్నాను.

ఓబులేసు మంద ఇవాళ మేతకు అడవిలో దూరం పోయింది. వచ్చేవారం.

18 మే

ఓబులేసు మందలోనూ ఒక్కటీ తిరగడం లేదు.

8 జూన్

మళ్లీ చూశాను. లేదు. ఓబులేసు సంబరంగా — "ఏం డాక్టరప్పా, నీ మందు లేకున్నా నా పిల్లలు బాగనే ఉండాయి!" నేనూ నవ్వాలి కదా. నవ్వాను.

22 జూన్

ఎంత సిగ్గుగా ఉందో ఈ పేజీకి మాత్రమే చెప్తున్నాను. ఇవాళ ఓబులేసు మంద దొడ్డి తడిక దాటుతుంటే ఒక పిల్ల తల కాస్త పక్కకు వంచింది. నా గుండె సంతోషంతో కొట్టుకుంది. తిరుగు, తిరుగు అనుకున్నాను. చెవిలో పిడుదు పట్టింది దానికి, అంతే. గోకి పీకేస్తే గెంతుకుంటూ పోయింది.

ఆ మనిషి పిల్ల చావాలని కోరుకున్నాను. లెక్క కోసం. పశువుల డాక్టరునట!

నంద్యాల, 13 జూలై

పెద్ద డాక్టరుగారికి రెండు మందల లెక్కా చూపించాను. ఈసారి బల్ల అదరలేదు. మెల్లగానే అన్నారు — "తేడా లేదు కదయ్యా. ఈ ఏడు అక్కడ రోగమే రాలేదు. నీ వక్కల మహిమ కాదు."

పక్క ఊళ్ల మందల్లో తిరుగుతున్నాయండీ, మొన్ననే రెండు ఆసుపత్రికి తెచ్చారు, అన్నాను. అవి వేరే గడ్డి, వేరే నీళ్లు, లెక్కలోకి రావన్నారు. నిజమే. నేనే చెప్పాల్సిన మాట ఆయన చెప్పారు.

సుగుణ నా కాగితం ఎర్ర సిరాతో దిద్దినట్టు చూసి — "కూడికలు సరిగ్గానే ఉన్నాయి. ఇంకేదో మీకు తెలియనిది ఉంది," అంది. నాకు కోపం వచ్చి అన్నం సగంలో లేచాను. పెరుగు తినకుండా లేచినందుకు తర్వాత బాధపడ్డాను.

రుద్రవరం, 10 ఆగస్టు, ఆదివారం

రాయబోయి రెండుసార్లు కలం పక్కన పెట్టాను. నవ్వుతో.

సుగుణ చూస్తానంటే మందల దగ్గరికి తీసుకొచ్చాను. నేను గొర్రెల తలలు నొక్కుకుంటూ తిరుగుతున్నాను. ఆమె తిమ్మక్కవ్వ పొయ్యి దగ్గర కూర్చుని జొన్నరొట్టె తడుతోంది. ఉన్నట్టుండి పిలిచింది — "మీరొకసారి ఇటు రండి, తొందరగా!"

సుగుణ ముఖంలో నవ్వు ఆగడం లేదు. "అవ్వా, ఇందాక నాకు చెప్పింది ఈయనకు చెప్పు."

"ఏముండాది చెప్పనీకి? పొట్లం ఇప్పి సగం జేస్తా. పెద్దోని కుక్కలకు సగం, చిన్నోని కుక్కలకు సగం."

ఏడాదిగానా?

"మొదటి పొట్లం కాడ్నుంచి. తలలు గూడా ఇద్దరివీ నేనే కాల్చినా."

"అవ్వా... పెద్దాయన కుక్కలకే అని చెప్పాను కదా!"

"చెప్తివి. నువ్విచ్చింది పెద్దోనికే. పంచింది నేను. ఇద్దరూ నా కడుపున పుట్టినోళ్లే గదప్పా. ఒకని కుక్కకు పెట్టి ఇంకొకని కుక్కను చూస్తా కూచోమంటావా? యాడన్నా ఉందా?"

ఓబులేసుకు తెలియదు. మద్దిలేటికి తెలియదు. దాచిందా అంటే దాచలేదు. "నువ్వు యాడ అడిగినావు?" అంది. నిజమే. పొట్లం పెట్టావా అని అడిగాను గానీ ఎవరికి పెట్టావని ఒక్కసారీ అడగలేదు. వేరుపడిన అన్నదమ్ములను చూశాను, ఉమ్మడి పొయ్యిని చూసి కూడా చూడలేదు.

మొదట ఒళ్లు మండింది. ఏడాది పని మట్టిగొట్టుకుపోయింది! వాగు దాకా విసవిసా నడిచాను. అక్కడ నీళ్లు చల్లుకుంటుంటే అప్పుడు తట్టింది — సగం సగం తిన్న కుక్కల మందలు రెండూ బాగున్నాయి. పక్క ఊళ్లవి తిరుగుతున్నాయి. అంటే నా ఆలోచన తప్పు కాదేమో! పైగా సగం మోతాదు చాలునని అవ్వ కనిపెట్టింది. ఒక్కణ్ణే పిచ్చివాడిలా నవ్వుకున్నాను. వెనక్కి వచ్చి రెండు రొట్టెలు తిన్నాను, ఇంకొకటి అడిగాను.

నంద్యాల, 18 ఆగస్టు

పెద్ద డాక్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. దాచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ అవ్వ నా దగ్గర దాచలేదు కదా.

బల్ల అదిరింది. ఇంకు సీసా పడింది. "ఆవిడకి ఉద్యోగం ఇప్పిద్దామయ్యా!" కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టు అన్నారు. ఈసారి చుట్టరికం లేని మందలు చూడు.

7 సెప్టెంబరు

వెలుగోడులో రెండు మందలు దొరికాయి. ఒకే మేత. చుట్టరికం లేదు, పొలం గట్టు తగాదాతో మాటలు కూడా లేవు. ఒకరి పొట్లం ఇంకొకరికి పోయే ప్రసక్తే లేదు. ఇద్దరి మందల్లోనూ పోయినేడు పిల్లలు చాలా పోయాయి. మందు ఉందట కదా అని ఇద్దరూ విడివిడిగా అడిగారు.

14 సెప్టెంబరు

రుద్రవరం వెళ్లి ఓబులేసుకు మాట చెల్లించాను — ఇక నీ కుక్కలకూ నిండు పొట్లం. పగలబడి నవ్వాడు. తిమ్మక్కవ్వకు వెలుగోడు సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నది. ఒక మందకు పెడతాను, ఒకటి వదిలేస్తాను, అప్పుడు అందరూ నమ్ముతారు, జిల్లా అంతా మందు వస్తుంది అవ్వా, ఎన్ని గొర్రెలు బతుకుతాయో! చెప్తుంటే నాకే ఉత్సాహం పొంగింది.

"మంచిదే," అంది. కాసేపాగి — "ఆ ఇడిసిపెట్టే మంద గలోడు, వానికీ తల్లి ఉంటాది గదప్పా. ఆయమ్మకు ఏం చెప్తావు?"

పొట్లాలు లెక్కపెట్టి ఆమె చేతికిచ్చి బస్సుకు బయల్దేరాను.

నంద్యాల, 21 సెప్టెంబరు

సుగుణా నేనూ కొత్త పొడి దంచి డబ్బాకు ఎత్తాం. చీటీలు రాసి పెట్టుకున్నాను, రెండు. మడతపెట్టలేదు ఇంకా. పెద్ద డాక్టరుగారి మాట నిజం, తేడా చూపించకపోతే ఎవరూ నమ్మరు. అవ్వ మాటా నిజమే. సుగుణను అడిగితే, లెక్క అయితే చెప్పేదాన్ని అంది.

పొద్దున వెలుగోడు నుంచి ఇద్దరూ వస్తారు. డబ్బాలో పొడి రెండు మందలకూ సరిపోతుంది.