గుండెలో ఏమున్నదీ దాచకుండా తెలుపవలెను

మహారాజశ్రీ అయస్కాంత యంత్రమును, అది ఉన్న గదిని, ఆ గది తలుపు మీది ఎర్ర హెచ్చరికను ఏలుచున్న ఆసుపత్రి పెద్దల సముఖమునకు. వారు సెలవులో ఉన్నచో వారి కుర్చీలో కూర్చున్నవారికి. ఆ కుర్చీ కూడా ఖాళీగా ఉన్నచో దానిని తుడుచువారి ద్వారా పైవారికి,

పత్రాల నమోదు కార్యాలయపు విశ్రాంత పరిశీలకుడు నమస్కరించి వ్రాయించునది ఏమనగా:

నా రెండు చేతుల వేళ్లు కొంతకాలముగా నా ఆజ్ఞలను పాటించుట మానినవి. మెడలో నరము నలుగుచున్నదనియు, ఎక్కడ నలుగుచున్నదో ఎమ్మారైలో చూడనిదే కత్తి పట్టననియు, ఆలస్యమైనచో పోయిన పట్టు తిరిగి రాదనియు శస్త్రవైద్యులు సెలవిచ్చిరి. కావున ఈ ఉత్తరము నేను చెప్పగా నా భార్య వ్రాయుచున్నది.

మొన్న మీ కౌంటరులోని అమ్మాయి కంప్యూటరు నుండి తల ఎత్తకుండానే, "తాతగారూ, గుండెలో ఏమైనా ఉందా?" అని అడిగినది. నా భార్య పక్కనే ఉన్నది. ఏ భర్త అయినను ఇవ్వగల జవాబునే నేను ఇచ్చితిని: "మీ మామ్మగారు ఉన్నారమ్మా."

"అది సరే తాతగారూ, ఇంకేమైనా ఉందా?"

నేను నోరు తెరచునంతలో నా భార్య నావైపు తిరిగి, "చెప్పండి, ఇంకెవరున్నారో నేనూ వింటాను," అన్నది. ఆ పరిస్థితిలో "ఇంకేమీ లేదు" అని వాంగ్మూలమిచ్చితిని. అది ఒత్తిడిలో ఇచ్చిన వాంగ్మూలమని మనవి.

తరువాత గౌను తొడుగునప్పుడు మీ టెక్నీషియను నా ఎడమ భుజము దిగువన ఉబ్బును చూచి, "ఇదేంటి సార్?" అనెను.

"పేస్‌మేకర్ నాయనా."

"గుండెలో ఏమీ లేదన్నారు కదా."

"ఇది గుండెలో లేదు, చర్మం కింద ఉంది. గుండెలోకి తీగ మాత్రమే పోతుంది."

అతడు నన్ను తలుపు దగ్గరి నుండి వెనుకకు నడిపించి, బల్ల మీద కూర్చోబెట్టి, తానును పక్కనే కూలబడి, నా కొరకు తెచ్చిన నీళ్లు తాను త్రాగెను. స్కాను రద్దయినది.

రద్దును రద్దు చేయవలసినదనియు, గుండెను గూర్చి అడుగు ప్రశ్నను మనిషికి అర్థమగునట్లు దిద్దవలసినదనియు ప్రార్థన.

ఇట్లు,
విశ్రాంత పరిశీలకుడు

తా.క. (రాసినామె సొంతంగా చేర్చినది): ఆయన చెప్పినవన్నీ రాశాను. "ఏ భర్త అయినను ఇవ్వగల జవాబు" అన్నచోట కాసేపు కలం ఆగింది. గుండెలో నేనున్నానన్న మాట ఇన్నేళ్లుగా ఇంట్లో ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదట.

* * *

గౌరవనీయులైన పరిశీలకులవారికి,

స్కానింగ్ విభాగం భద్రతాధికారిణి నమస్కారాలు. మీ ఉత్తరం చదివి ముందుగా భయపడ్డాను. ఇప్పుడు క్షమాపణ కోరుతున్నాను.

ఆ యంత్రం చప్పుడు చేయకపోయినా అందులోని అయస్కాంతం పని చేస్తూనే ఉంటుంది. దానికి సెలవు లేదు. పేస్‌మేకర్ సంగతి మాకు తెలియకుండా మీరు లోపలికి వెళ్లి ఉంటే అది తన పని తప్పవచ్చు, తీగ వేడెక్కవచ్చు, గుండె లయ చెడవచ్చు. మా టెక్నీషియను నీళ్లు తాగింది అందుకే. ఇకమీదట కౌంటరులో అడిగే ప్రశ్న ఇది: "డాక్టర్లు మీ ఒంట్లో ఎక్కడైనా పరికరం గాని, తీగ గాని, లోహపు ముక్క గాని పెట్టారా?"

పేస్‌మేకర్ ఉన్నంతమాత్రాన స్కాను లేదని నిరాశపడకండి. కొన్ని రకాలకు షరతులతో అనుమతి ఉంది. పేస్‌మేకర్ పెట్టినప్పుడు మీకిచ్చిన కార్డు నకలు, ఛాతీ ఎక్స్‌రే పంపండి. లీడ్ల స్థితి చూస్తాం. స్కాను సమయంలో మోడ్ మారుస్తాం. షరతులు మీకు సమ్మతమేనా తెలపండి.

ఇట్లు,
భద్రతాధికారిణి

తా.క. మామ్మగారికి: మా నిబంధనల ప్రకారం, ఒంట్లో అమర్చిన పరికరాల కిందికి భార్య రారు. తీయించుకొని రానక్కరలేదు.

* * *

భద్రతాధికారిణి గారి సముఖమునకు,

కార్డు నకలును, ఎక్స్‌రేను ఇందువెంట పంపితిని. ఇక షరతుల విషయము. ఒక పక్షపు షరతులు మాత్రమే ఉన్న పత్రమును నా ఉద్యోగకాలమున నేనెన్నడును నమోదు చేయలేదు. కావున నా షరతులను కూడా చిత్తగింపుడు.

నా పేస్‌మేకర్ ఒక్కనాడైనను సెలవు పెట్టని ఉద్యోగి. దానిని వేరొక మోడ్‌కు బదిలీ చేయుచో కారణము ముందుగా తెలుపవలెను. స్కాను ముగియగనే పాత స్థానమున నియమించవలెను. టెక్నీషియను నా ఎదుట కూలబడరాదు. రోగికి ధైర్యము తగ్గును. మరియు లీడ్, మోడ్ అను మాటలు మా ఇంట ఎవరికిని తెలియవు. ఇకపై ఇంటి భాషలో వ్రాయవలెను.

నిన్న నీళ్ల గ్లాసు నా చేతి నుండి జారినది. జారినట్లు వేళ్లకు తెలియలేదు. చప్పుడు విని తెలిసికొంటిని.

ఇట్లు,
విశ్రాంత పరిశీలకుడు

తా.క. గ్లాసు సంగతి రాయవద్దన్నారు. నేనే ఇరికించాను. త్వరగా ఏదో ఒకటి చెయ్యండమ్మా.

* * *

గౌరవనీయులైన పరిశీలకులవారికి,

మీ షరతు ప్రకారం ఇంటి భాషలోనే రాస్తున్నాను.

బదిలీకి కారణం: యంత్రం చేసే సందడిని పేస్‌మేకర్ గుండె చప్పుడేనని భ్రమపడి ఊరుకోవచ్చు. అందుకని స్కాను సాగినంతసేపు ఎవరి మాటా వినకుండా తన ధోరణిలో తాను కొట్టుకుపోయేలా మారుస్తాం. అవగానే యథాస్థానం.

ఇక అసలు కబురు. ఎక్స్‌రే చూశాం. మీ గుండెలో పాతది ఒకటి ఇంకా ఉంది. కొత్తది వచ్చినప్పుడు దాన్ని తీసెయ్యకుండా అలాగే వదిలేశారు. ఇప్పుడు దానికి ఏ పనీ లేదు, దేనితోనూ సంబంధం లేదు. కాని ఆ గదిలోకి వెళితే కొత్తదాని కంటే పాతదే ఎక్కువ వేడెక్కవచ్చు. ఇన్నేళ్లలో గుండెకు అతుక్కుపోయి ఉంటుంది; ఇప్పుడు లాగితే గుండెకే ముప్పు. కార్డులో దాని ప్రస్తావన లేదు. అందువల్ల మీ విషయం డాక్టర్ల సమావేశంలో పెడుతున్నాను.

ఇట్లు,
భద్రతాధికారిణి

తా.క. పాతదాని గురించి గుర్తున్నంత రాయండి. ఎప్పటిది, ఎంత పొడవు, ఎక్కడ కుదిరింది.

* * *

భద్రతాధికారిణి గారి సముఖమునకు,

ఈ ఉత్తరమును నేను చెప్పగా నా భార్యయే వ్రాయుచున్నది. అయితే ఏమి వ్రాయుచున్నదో నాకు చూపుట లేదు.

తమ కవరును చింపుటకు నా వేళ్లు చాలకపోగా ఆమె చింపి, బిగ్గరగా చదివినది. "పాతది ఒకటి ఇంకా ఉంది" అన్నచోట స్వరము తగ్గినది. "వేడెక్కవచ్చు" అన్నచోట చదువు ఆగినది. తా.క. మాత్రము మనసులో చదువుకొని, "పొడవు కూడా వాళ్లకు చెబుతారా?" అని అడిగినది.

నా జీవితమున పాతది అనునది లేదు. (ఇది ఆయన మాట. నేను రాశానంతే.) ఉద్యోగమున చేరిన కొత్తలో టైపు చేయు ఒకామె రెండు మూడు పర్యాయములు నా గొడుగు పట్టుకొనిపోయి, తిరిగి ఇచ్చుచు నవ్వినది. (ఇది నేను ఇప్పుడే వింటున్నాను.) ఆమెను పాతదిగా పరిగణించినచో, పొడవు నేను కొలవలేదు. గొడుగు కంటె పొడవు. (ఎంత బాగా గుర్తుంది.)

నా స్కానుకు ఆమె అడ్డమగుచో, ఆమెను ఈ క్షణము నుండి మరచితినని ప్రమాణపత్రము ఇచ్చుటకు సిద్ధము. సంతకము మాత్రము చేయలేను. నాకు నా చేతులు కావలెను.

ఇట్లు,
విశ్రాంత పరిశీలకుడు

తా.క. రెండు పూటలా అన్నం నేనే తినిపిస్తున్నాను. మొన్నటిదాకా కబుర్లు చెబుతూ తినిపించేదాన్ని. మీ ఉత్తరం వచ్చాక మాట్లాడకుండా తినిపిస్తున్నాను. ఆయన కూడా రెండు ముద్దలు తక్కువే తింటున్నారు.

* * *

గౌరవనీయులైన పరిశీలకులవారికి, మామ్మగారికి,

పాతది అంటే తీగ. మొదటి పేస్‌మేకర్ తాలూకు తీగ. కొత్త పేస్‌మేకర్‌కు కొత్త తీగ వేసి, పాత తీగను లోపలే వదిలేశారు. ఇంటి భాషలో రాసినందుకు సిగ్గుపడుతున్నాను. మామ్మగారూ, దయచేసి మాట్లాడుతూ తినిపించండి.

డాక్టర్ల నిర్ణయం ఇది. పాత తీగ ఉన్నవారిని మామూలుగా లోపలికి పంపం. ఇంకో పరీక్షతో పని జరుగుతుందేమో చూశాం. నరం నలిగిన చోటు శస్త్రవైద్యులకు కావలసినంత స్పష్టంగా అందులో కనబడదు. చేతులేమో ఆగేలా లేవు. ప్రమాదం తక్కువేగాని, లేదని మాత్రం చెప్పను. యంత్రం శక్తి తగ్గించి స్కాను చేస్తాం. గుండె డాక్టరుగారు మొదటి నుంచి చివరిదాకా మీ గుండె కొట్టుకోవడం చూస్తూ కూర్చుంటారు. ఏ కాస్త తేడా వచ్చినా ఆపేస్తాం.

ఒక చిక్కు ఉంది. లోపల ఇబ్బంది కలిగితే నొక్కమని రోగి చేతికి రబ్బరు బంతి ఇస్తాం. మీరు నొక్కలేరు. కాబట్టి ఒకరు మీ చేయి పట్టుకొని లోపల కూర్చోవాలి. చప్పుడు విపరీతం గనుక ఇద్దరికీ చెవుల రక్షణ ఉంటుంది. మధ్యమధ్య డాక్టరుగారు అడిగేది మీకు వినబడుతుంది. మీ మాట మైకులో మాకు వినబడుతుంది. లోపల కూర్చునేవారికి చెవులు పూర్తిగా మూస్తాం, వారికి ఏమీ వినబడదు.

ఇట్లు,
భద్రతాధికారిణి

తా.క. కూర్చునేది మామ్మగారే అయితే వారి గుండెలో ఏమైనా ఉందా అని కూడా అడగవలసి ఉంది. పరికరాల గురించి మాత్రమే.

* * *

ఆసుపత్రి పెద్దలందరికీ, ముఖ్యంగా ఆ రోజు గాజు కిటికీకి అవతల కూర్చున్నవారికి,

ఇంతవరకు తా.క.లలో తలదాచుకున్న లేఖకురాలు, ఈసారి తన సొంత హోదాలో నమస్కరించి రాస్తున్నది:

మీరు స్కాను సురక్షితంగా చేశారు. పేస్‌మేకర్‌ను మాట ప్రకారం యథాస్థానంలో నియమించారు. శస్త్రవైద్యులు నలిగిన చోటు చూసి ఆపరేషన్ చేశారు. వేళ్లు ఒక్కొక్కటిగా విధుల్లో చేరుతున్నాయి. కుడి బొటనవేలు ఇంకా సెలవులో ఉంది. ఇందుకు మా ఇద్దరి కృతజ్ఞతలు. ఇక ఫిర్యాదు.

నేను ఆయన చేయి పట్టుకొని కూర్చున్నాను. చెవులు మూసి ఉన్నాయి. నేలలోంచి వచ్చే అదురు ఆగినప్పుడల్లా ఆయన గడ్డం కదలడం చూశాను. మొదట కాసేపే కదిలింది. తరువాత చాలాసేపు కదిలింది. ఆయనకు ఏమైనా ఇబ్బందేమోనని కిటికీ వైపు చూశాను. గుండె డాక్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. టెక్నీషియను మళ్లీ నీళ్లు తాగుతున్నాడు. ఏదో జరిగిపోయిందని నా ప్రాణం నాలో లేదు. ఆగమని చేయి ఊపబోతే, లోపల ఈయన తల కదపకుండానే నవ్వుతున్నారు.

బయటికి వచ్చాక కౌంటరు అమ్మాయి నాకు కుర్చీ వేసింది. నా ఎదుట నిలబడి నన్నే చూసింది. ఏమైందని టెక్నీషియనును నిలదీశాను. "డాక్టరుగారు 'గుండెలో ఎలా ఉంది సార్, చెప్పండి' అని మాత్రమే అడిగారండీ," అన్నాడు. "అయితే ఏం చెప్పారు?" అంటే, "అది మీ ఇంటి విషయమండీ," అని వెళ్లిపోయాడు. ఇంటికి వచ్చి ఈయన్ని అడిగితే "ఏమీ లేదు" అంటున్నారు. కట్టు మార్చే నర్సమ్మ కూడా నన్ను చూసి నవ్వుతోంది. ఆసుపత్రి మొత్తానికీ తెలిసిన సంగతి, ఆయన చేయి పట్టుకొని కూర్చున్న మనిషికి మాత్రం తెలియలేదు. ఇది సహజ న్యాయానికి విరుద్ధం.

కావున ఈ క్రింది కోరికలు విధిగా దాఖలు చేస్తున్నాను:

కోరిక 1: ఆ రోజు మా ఆయన చెప్పినదంతా, విన్నవారందరూ ఒకచోట కూర్చొని గుర్తు చేసుకొని, ఒక్క మాట తగ్గకుండా, ఒక్క మాట కలపకుండా రాసి నాకు పంపవలెను.

కోరిక 2: అది కుదరనిచో, గుండె డాక్టరుగారు ఒకసారి మా ఇంటికి వచ్చి, అదే ప్రశ్నను, అదే గొంతుతో, ఆయనను అడగవలెను. నేను పక్కనే, చెవుల్లో ఏమీ పెట్టుకోకుండా కూర్చుంటాను.