నలుగురికి నాలుగు కాగితాలు

సెప్టెంబర్ 9, మంగళవారం

చర్చి హాల్లో రిహార్సల్. ఎనిమిదిమందిమి, ఒక్కో గొంతుకి ఇద్దరు. ఈసారి అయిదువందల ఏళ్ళ కిందటి లాటిన్ ప్రార్థన. మాకు పాట నేర్పే డేనియల్ పాత రాతప్రతి జిరాక్సులు పంచాడు — నాలుగు గొంతులకి నాలుగు వేర్వేరు కాగితాలు. ఎవరి వరస వాళ్ళకే కనిపిస్తుంది. తాళం గీతలు లేవు. వాద్యం లేదు. దారి తప్పితే చెవే దిక్కు.

ఆల్టోలు, అంటే ఆడగొంతుల్లో కింది వరస, నేనూ రూత్. ఆవిడకి డెబ్భై నాలుగు. ఈ పాత రాత చదవడం మూడేళ్ళ కిందట నాకు నేర్పింది ఆవిడే, తన వంటింటి బల్ల దగ్గర. అప్పట్లో నా గొంతులో ప్రతి స్వరానికీ గమకం — చిన్నప్పటి సంగీతం పాఠాలు. "ఊపకు. నిలబెట్టు," అనేది. ఏడాది పట్టింది.

సెప్టెంబర్ 16

శ్రుతి దిగింది. వాద్యం లేదు కాబట్టి ఒకరు దిగితే అందరం దిగుతాం. దిగినట్టు తెలియదు. చివర్లో డేనియల్ అసలు శ్రుతి చూడటానికి పిచ్‌పైప్ ఊదాడు. అర స్వరం కింద ఉన్నాం.

ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. నా ఎడమ పక్కన, రూత్ గొంతులో.

సెప్టెంబర్ 18

ఆఫీసులో ఉండగా డేనియల్ ఫోన్. అక్టోబర్ కచేరీకి గొంతుకి ఒక్కరే. "ఆల్టో నువ్వు పాడు." మరి రూత్? "నేను చెప్తాను."

సరేనన్నాను. క్షణం కూడా ఆగలేదు. తర్వాత మీటింగ్‌లో డ్రగ్ సేఫ్టీ రిపోర్ట్ చదివాను. బాగానే చదివాను.

సెప్టెంబర్ 20

మా ఆయన శ్రీధర్‌కి చెప్పాను. పప్పులోకి పోపు వేస్తున్నాడు.

"మంచిదే కదా. నువ్వేమైనా ఆవిడ ప్లేస్ అడిగావా?"

అడగలేదు.

"మరింకేంటి? గిల్టీగా ఫీలవ్వడానికి ఏముంది ఇందులో?"

ఏమీ లేదు. కానీ కావాలనుకున్నాను. నిరుటి నుంచీ... అది మాత్రం చెప్పలేదు.

సెప్టెంబర్ 23

డేనియల్ ఇంకా ఆవిడకి చెప్పలేదు. రూత్ కచేరీ కోసం పెన్సిల్ గుర్తులు పెట్టుకొచ్చింది — ఎక్కడ ఊపిరి తీయాలో, రాసి లేకపోయినా ఎక్కడ స్వరం కొంచెం పెంచాలో. విరామంలో కూర్చుని అవన్నీ నా కాగితం మీదికి ఎక్కించింది. నేను కాఫీ తెచ్చిపెట్టాను.

సెప్టెంబర్ 25

రూత్‌కి ఎప్పుడు చెప్తావని డేనియల్‌ని అడిగాను. "వచ్చేవారం."

సెప్టెంబర్ 28, ఆదివారం

రూత్ ఇంటికి నేనే వెళ్ళాను. టీ పెట్టింది. నిలబడే చెప్పాను — కచేరీలో ఆల్టో నేనొక్కదాన్నే, మీ శ్రుతి దిగుతోంది.

కప్పు కింద పెట్టింది. "ఎక్కడ?"

చూపించాను. రెండో వరస మధ్యలో, పొడుగు స్వరం.

"పాడు నాతో."

పాడాం. ఆవిడ దిగింది. ఈసారి నేను వెంట వెళ్ళలేదు. రెండు గొంతులూ ఒరుసుకున్నాయి — ఇద్దరికీ వినపడింది. ఆవిడ ఆపేసింది.

"ఇన్ని వారాలూ నువ్వే పైకి పోతున్నావనుకున్నాను," అంది. "డేనియల్‌కి చెప్పలేదు. నిన్ను తీసేస్తాడని."

తిరిగొస్తుంటే రూట్ వన్ హైవే మీద ట్రాఫిక్. గంట పట్టింది. రేడియో పెట్టలేదు.

సెప్టెంబర్ 30

ఆవిడ రాలేదు. నలుగురమే. చివర్లో పైప్ ఊదితే — సరిగ్గా అదే శ్రుతి. డేనియల్ నవ్వాడు. నేనూ నవ్వాను.

అక్టోబర్ 11, శనివారం

కచేరీ. అరవైమంది దాకా వచ్చారు. రూత్ మూడో వరసలో కళ్ళు మూసుకుని. ఆ పొడుగు స్వరం దగ్గర ఆవిడ వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. ఆవిడ నొసలు ముడిపడ్డాయి — ఎవరో తప్పు పాడినట్టు.

నేను సరిగ్గానే పాడుతున్నాను. నాకు తెలుసు. అయినా ఆ క్షణం నా స్వరం ఊగబోయింది... నిలబెట్టాను.

బయట నా భుజం తట్టింది. "బావుంది," అంది. అబద్ధం ఆడటం ఆవిడకి రాదు. ఇది మాత్రం ఆడింది.

అక్టోబర్ 14, మంగళవారం

డిసెంబర్ పాటలకి మళ్ళీ ఎనిమిదిమంది. సాయంత్రం రూత్ ఫోన్.

"చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళొచ్చాను. ఒక్కో చెవిలో ఒక్కో శ్రుతి వినిపిస్తోందట. మెషిన్ పెట్టుకున్నా సరి కాకపోవచ్చట."

సారీ అన్నాను.

"ఇవాళ వస్తున్నాను. నీ పక్కనే నిలబడతాను. నాకు సరిగ్గా ఉన్నట్టు అనిపించింది కాదు, నువ్వు పాడింది పాడతాను."

"డేనియల్‌కి తెలుసా?"

"లేదు. నువ్వు చెప్తావా?"

చెప్పమనా, వద్దనా... అడగలేదు. రండి అనలేదు. వద్దనీ అనలేదు. ఫోన్ పెట్టేసింది.

ఏడింటికి రిహార్సల్. ఇప్పుడు అయిదున్నర. డేనియల్‌కి ఇంకా చెప్పలేదు.