బాబు ఒంటి పసుపు

లింబాయత్, సూరత్
మార్చి 1996

అత్తమ్మా,

కుశలమని రాయడానికి నాకు చేయి రావడం లేదు.

పుట్టిన మూడోనాడే బాబు కళ్లు పచ్చబడ్డాయని, నా పురిటికి ఊరి నుంచి ఇక్కడికొచ్చిన మీకు చూపించాను. "నలుగు పెట్టిన పసుపే గది. పురుడు తీరకముందే పిల్లగాన్ని గడప దాటిస్తవా?" అని తలుపుకు అడ్డం కూర్చున్నారు. ఒంటికి రాసిన పసుపు కళ్లలోకి ఎలా పోతుంది అత్తమ్మా?

పాలు కూడా తాగకుండా మగ్గాల మోతలో వాడు పడుకుంటే, "సాలోళ్ల బిడ్డ, చప్పుడుకు జడుస్తడా?" అని వాడకట్టంతా చెప్పుకుని మురిశారు. నేనూ నమ్మాను.

మొన్న కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగాయి. నా చేతిలోంచి బిందె జారి పడింది. పక్కింటి పాప ఉలిక్కిపడి ఏడ్చింది. మెలకువగా ఉన్న మావాడు మాత్రం కదల్లేదు.

పుట్టినప్పటి కామెర్లు మెదడుకు ఎక్కి వినికిడి పోయిందని డాక్టర్ చెప్పాడు. అప్పుడే తెచ్చుంటే లైటు కింద పడుకోబెట్టి తగ్గించేవాళ్లట.

చిన్నకోడలు సంగీత పురిటికి నేనే వస్తాను. ఆ బిడ్డను మీ చేతికివ్వను.

"బాపమ్మ పిలిచిందని వాని చెవుల చెప్పు" అని ఉత్తరంలో రాయించారు. నేను చెప్పను. మీరే వచ్చి పిలవండి. వాడు ఒక్కసారి మీ వైపు తిరిగితే మీ కాళ్లు మొక్కుతాను.

మీ పెద్దకోడలు