పిన్ని ఇచ్చిన ప్రకటన

చిరంజీవి అబ్బాయికి పిన్ని దీవెనలు.

ఇక్కడ అందరం బాగున్నాం, దుప్పట్లు తప్ప. మా వెనక వీధి సబ్బుల ఫ్యాక్టరీ పొగగొట్టం ఉంది చూడు, డాబామీద ఆరేసినవన్నీ మసిగుడ్డలు చేస్తోంది. ఇంకోసారి నల్లగా వస్తే వేరే లాండ్రీ చూసుకుంటామని హోటలువాళ్లు తేల్చి చెప్పేశారు. వాళ్లు పోతే నేను దుకాణం మూసుకోవడమే. పేపర్లో ఉద్యోగం వెలగబెడుతున్నావు కదా, ఒక వార్త వెయ్యరా!

ఇట్లు,
మీ పిన్ని

తా.క. ఆ మసి వదిలించడానికి నేను వాడేదీ ఆ కంపెనీ సబ్బే. ఖర్మ!

పిన్నికి నమస్కారాలు.

వార్త రాశాను. ఎడిటరుగారు చదివి, బాగుందని మెచ్చుకుని, స్థలం లేదని కొట్టేశారు. సంగతేంటంటే, ఆ కంపెనీ మాకు రోజూ ప్రకటనలిస్తుంది. మా జీతాలు వాటిమీదే. పేపరు అర్థం కావాలంటే ముందు ప్రకటనలు చూడు పిన్నీ. ఏ వార్తలు రావో నీకే తెలిసిపోతుంది.

నీ
అబ్బాయి

తా.క. నీ వార్త తీసేసిన చోట 'రెండుపూటలా స్నానం, ఆరోగ్యానికి సోపానం' అని వేశారు.

అబ్బాయికి ఆశీస్సులు.

రోజూ ప్రకటనలిస్తున్నారా? మసి పూసిందిగాక పైగా ప్రకటనలు కూడానా! వాళ్లకేనా నోరుంది? నేనూ మీ ఆఫీసుకొచ్చి, 'ప్రకటనలు ఇచ్చట తీసుకొనబడును' అన్న కిటికీ దగ్గర ఒకటి ఇచ్చాను: 'సబ్బుల ఫ్యాక్టరీ పొగకు బట్టలు నల్లబడుతున్నాయని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. పొగ ఆగేదాకా మసిపట్టిన బట్టలు రెండోసారి ఊరికే ఉతికిస్తాను.' ఎంత సైజు కావాలని అడిగింది అక్కడి అమ్మాయి. చిన్నదైతే ఎవరు చూస్తారు, పెద్దదే అన్నాను.

పిన్ని

తా.క. గోడు చెప్పుకోవడానికి కూడా డబ్బు కట్టించుకుంటారేంరా మీరు?

అమ్మా పిన్నీ, నీకో దండం!

ప్రకటనంటే నువ్వనుకున్నది కాదు, అడ్వర్టైజుమెంటు! నీ గోడుని లాండ్రీ ప్రకటనగా వేసేశారు. ఆ విభాగంలో కొలతలే చూస్తారు, చదవరు. మొదటి పేజీలో 'మల్లెపువ్వంత తెలుపు' అన్న సబ్బు బొమ్మ కిందే నువ్వు! ఊరంతా పడిపడి నవ్వుతోంది. పొద్దున ఎడిటరుగారు నన్ను తినేసినంత పని చేశారు. మధ్యాహ్నానికి ఫ్యాక్టరీవాళ్లు పరువు పోతోందని పొగగొట్టానికి జల్లెడ బిగించడం మొదలెట్టారు. సంతోషమేగా?

అబ్బాయి

తా.క. మీ లాండ్రీలో తన కోటు చింపేశారని ఒక డాక్టరుగారు మాకు రాశారు. 'ప్రకటనిచ్చేవాళ్ల మీదా? స్థలం లేదు' అని ఎడిటరుగారు కొట్టేశారు. పెద్దదానివైపోయావు పిన్నీ!

అబ్బాయికి,

దుప్పట్లు తెల్లగా ఆరుతున్నాయి. హోటలువాళ్లు వదలరట. డాబా ఎక్కి చూసుకుంటుంటే ప్రాణం లేచొచ్చింది. అంతలో నీ తాజాకలం చదివి ఒళ్లు మండిపోయింది. కోటు చిరిగింది నిజమేరా, మిషన్లో ఇరుక్కుంది. నాకు లేని స్థలం నామీద వార్తకీ లేదా? మీ ఎడిటరుగారితో నా మాటగా చెప్పు: డాక్టరుగారు రాసింది రేపు వెయ్యాలి. వెయ్యకపోతే నా ప్రకటనలు బంద్!

ఇట్లు,
మీ పిన్ని

తా.క. చిరిగింది జేబొక్కటే. కోటంతా అని వేశారో, అప్పుడూ బంద్!