ఎండురొయ్యలు వేసింది నువ్వే

ఉదయం ఆరింటికి చూసేసరికి పాప పసుపు చేప చచ్చి ఉంది. పొట్ట ఉబ్బింది. తొట్టి అడుగున నువ్వు వేసిన ఎండురొయ్యలు ఉన్నాయి.

ఇవాళా రేపూ దేనికీ మేత వేయకు. నీలం చేప పొట్ట కూడా ఉబ్బినట్టుంది, దాన్ని వేరే టబ్బులో ఉంచు. తొట్టిలో పావు వంతు నీళ్ళు తీసి, బకెట్లో రాత్రి పట్టి ఉంచినవి పొయ్యి. కుళాయి నీళ్ళు నేరుగా పోయకు. రొయ్యల డబ్బా చెత్తలో పారేశాను, వెతకకు.

ఈ సిక్లిడ్లు రాళ్ళ మీది పాచి తినే జాతి, మాంసం పెడితే పోతాయని షాపువాడు నీ ఎదురుగానే చెప్పాడు. "పాపం, ఆకలిగా చూస్తున్నాయే" అన్నావు. నీ జాలి మండా! కుక్కనీ ఇలాగే మేపి మేపి చంపావు. నాకు జ్వరమొచ్చిన వారం మాత్రం కాఫీ చుక్క పెట్టలేదు.

పాపకి ఇంకా తెలీదు. బడి నుంచి రాగానే నువ్వే చెప్పు. ముసలిదై పోయిందని కథలల్లకు. చేప ఫ్రిజ్‌లో, నీ టిఫిన్ డబ్బాలో ఉంది.

మరిచాను. ఇది రాస్తుంటే గదిలో నువ్వు దగ్గావు. బతికున్న చేపలన్నీ మేతకని తొట్టి అద్దం దగ్గరికి వచ్చాయి. నీలం చేప కూడా వచ్చింది.