బుధవారం బట్టీకి వెళ్లని రొట్టె

ఫెజ్, ఆదివారం

కెంజా అక్కకు సలాం. బతికే ఉన్నాను, ముందే ఏడుపు మొదలుపెట్టకు.

బుధవారం పొద్దున రొట్టెపిండి పిసికి, గుడ్డ కప్పి లేచానో లేదో కళ్లు బైర్లు కమ్మి పడిపోయాను. తెలివి వచ్చేసరికి పిండి పొంగి, పళ్లెం దాటి, నా చేతి మీదికి పాకి ఉంది. ఎంతసేపు పడి ఉన్నానో దాన్ని చూస్తేనే తెలిసింది. మా సందు బట్టీలో రొట్టెలు కాల్చే బూసల్హామ్ తలుపు బాదుతున్నాడు.

"ఏం బతూలక్కా, సందంతటి రొట్టెలూ వచ్చాయి, నీదేదీ? నా బట్టీ మీద అలిగావేంటి?"

గడియ దాకా పాక్కుంటూ వెళ్లాను.

రక్తపోటన్నాడు డాక్టరు. కుడిచెయ్యి ఇంకా సూది పట్టనంటోంది, ఈ వంకర రాతకు నన్ను తిట్టకు. ఉప్పులో ఊరేసిన నిమ్మకాయలు ఇక పంపకు. చిన్నదాని పంటినొప్పి తగ్గిందా?

ఒక్కదాన్నే ఉంటానని నీతో దెబ్బలాడి వచ్చాను. ఇప్పటికీ అదే మాట. బూసల్హామ్ రోజూ నా రొట్టె వచ్చిందా లేదా అని చూస్తున్నాడు. కానీ శుక్రవారం బట్టీ వెలిగించడు. మెక్నెస్ నుంచి శుక్రవారాలు రాగలవా?

పిల్లలను దేవుడు చల్లగా చూడాలి. వస్తే తలుపు తట్టక్కర్లేదు, గడియ వేయడం మానేశాను.

నీ చెల్లెలు
బతూల్