నాకంటే ముందు నా చెయ్యి

మే 9, 1949. సోమవారం.

నేనుండే హాస్టల్లో వంట చేసే రిబ్కమ్మక్క ఈరోజు అన్నం వడ్డిస్తూ, వాళ్ల తమ్ముడు ఇన్నయ్య నన్ను పెళ్లి చేసుకుంటానంటున్నాడని చెప్పింది. ఆదివారానికల్లా జవాబు కావాలట. పప్పు మాడిందన్నంత తేలిగ్గా చెప్పింది. గ్లాసెడు నీళ్లు తాగి, చూద్దాం అన్నాను.

మే 10.

నాకు ముప్పై ఒక్కేళ్లు. సైన్సు టీచర్ని. ఏ నిర్ణయమైనా కాగితం మీద రెండు కాలమ్‌లు గీసుకుని తీసుకుంటాను. గీశాను.

వద్దు అన్న వైపు చాలా వచ్చాయి. మామిడికాయలు కోసే ముఠాకి మేస్త్రీ. చదువు రాదు. చొక్కా నిండా సొన మరకలు. మొదటి భార్య పోయి నాలుగేళ్లయినా ఆమె మాటొస్తే గొంతు మారిపోతుంది.

సరే అన్న వైపు, మంచివాడు. ఇంకో లైను రాసి కొట్టేశాను.

మే 11.

సెలవుల్లో చదువుదామని బెజవాడ నుంచి తెచ్చుకున్న ఫిజియాలజీ పుస్తకంలో బ్రెయిన్ చాప్టర్ అయిపోయింది. నిప్పు తగిలితే చెయ్యి వెనక్కి లాగేది వెన్నుపాము. మెదడుకి కబురు ఆ తర్వాతే అందుతుందట. రిఫ్లెక్స్. పెళ్లి లాంటివి మాత్రం పైన మెదడులో తీరిగ్గా తేలాలి. ఈ ఏర్పాటు నాకు నచ్చింది.

మే 13. శుక్రవారం.

వద్దనుకున్నాను. మర్యాదగా రెండు పేజీల ఉత్తరం రాశాను. కవరు అంటించాక గుర్తొచ్చింది, అతనికి చదవడం రాదు. నా తెలివి ఇలా ఏడిసింది. రేపు అక్క ఆగిరిపల్లి తోటకి అతని అన్నం పట్టుకెళ్తుంది. వెంట వెళ్లి నోటితోనే చెప్పేస్తాను.

మే 14. సాయంత్రం.

వేళ్లు వాచిపోయాయి. రాత సరిగ్గా రావడం లేదు.

తోటలో ఇన్నయ్యని, ఏ కాయ కోయాలో ఎలా తెలుస్తుందని అడిగాను. అసలు మాట వాయిదా వెయ్యడానికే అడిగాను, ఒప్పుకుంటున్నా. చెయ్యే చెప్పుద్దండీ టీచరుగారూ, ఆలోచిస్తే తప్పుద్ది అన్నాడు. అయినా నా కోసం పాపం ఆలోచించి చూశాడు. వరసగా మూడు లేతకాయలు కోశాడు. కూలీలంతా గొల్లున నవ్వారు. అతని చెవులు ఎర్రబడ్డాయి. ముద్దొచ్చాడు. ఇది కొట్టెయ్యను.

అంతలో కొమ్మ ఊగి, ఎర్రచీమల గూడు సరిగ్గా అతని నెత్తిన పడింది.

చీమంటే నాకెంత భయమో మా బడి పిల్లలందరికీ తెలుసు. చీర మీద ఒక్కటి కనబడితే బెంచీ ఎక్కుతాను. అలాంటిదాన్ని, పాతికమంది చూస్తుండగా, పరాయి మగవాడి తల, మెడ, వీపు రెండు చేతులా దులిపేస్తున్నాను. ఎప్పుడు పరిగెత్తానో తెలియదు. తెలిసేసరికి అతని కాలరు నా గుప్పిట్లో ఉంది. టీచరమ్మ చేతులు చూడండర్రా అని అక్క కేకేసింది. అతను తన మెడ సంగతి వదిలేసి, నా వేళ్ల మీది చీమల్ని ఒక్కొక్కటీ తీశాడు.

వద్దన్న మాట చెప్పలేదు.

హాస్టల్‌కొచ్చి పుస్తకం మళ్లీ తిరగేశాను. నొప్పి తగిలితే చెయ్యి వెనక్కి వస్తుంది, అంతే ఉంది. నొప్పుంటుందని తెలిసీ ముందుకెళ్లే చెయ్యి గురించి ఎక్కడా లేదు. ఇండెక్స్ కూడా చూశాను.

మే 15. ఆదివారం.

అక్క అడిగింది. నా నోరు సరే అంది. నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను.